పిచ్చమ్మ బావిలో ఎనిమిదో మట్టు

ముందు పోయినవి చెబుతాను. ఒక జత ఎడ్లు. పలుగులు సాగగొట్టే కొలిమికి బొగ్గులైపోయిన ఒక తుమ్మచెట్టు. నాలుగు నెలల పని. మందుగుండు పేల్చేటప్పుడు, బావి తవ్విన హనుమన్న కుడిచేతి చిటికెనవేలు. ఒక ఆడమనిషి సొంత సేద్యం. ఇద్దరు అన్నదమ్ములకు మూడు తరాలుగా ఉన్న పేరు. ఇన్ని పోతే వచ్చింది ఏడు మట్ల లోతు గొయ్యి ఒకటి.

పెద్ద యుద్ధం ముగిసి సిపాయిలు ఊళ్ళకు తిరిగొచ్చాక రెండో ఎండాకాలం అది. ఊరు తర్లుపాడుకు కోసున్నర దూరం. నేను అప్పటికే పదేళ్ళుగా బావుల కొలతలు వేస్తున్నాను. బడికి పోయినవాణ్ణి కాదు. మా నాయన మార్కాపురం దగ్గర పలకల గనిలో పని చేసేవాడు. అక్కడ విరిగి పారేసిన పలక ముక్కల మీద ఎక్కాలు రాసుకుని, చెరిపి, మళ్ళీ రాసుకుని నేర్చినదే నా చదువంతా.

ఈ పని గురించి తెలియనివారికి రెండు మాటలు. బావి తవ్వే గ్యాంగుకు కూలి రోజు లెక్కన ఉండదు, తీసిన మట్టి లెక్కన ఉంటుంది. అటు గజం, ఇటు గజం, లోతు గజం అయితే ఒక క్యూబిక్ గజం. లోతు పెరిగేకొద్దీ మట్టిని పైకి తేవడం కష్టం కనుక రేటు కూడా పెరుగుతుంది. దాన్ని లిఫ్ట్ అంటారు. తీసిన మట్టిని ఎంత దూరం మోసి పోశారో అది లీడ్. ఊళ్ళవాళ్ళకు ఇవేవీ పట్టవు. వాళ్ళకు లోతు అంటే మట్టు, అంటే మనిషి నిలువు. మా గ్యాంగుల్లో మట్టుకు ఐదున్నర అడుగులని ఖాయం చేసుకున్నాం. బావి యజమానికీ గ్యాంగుకూ మధ్య నిలబడి తాడు వదిలి కొలిచేవాణ్ణి నేను. ఎక్కువ చెప్పానని యజమాని, తక్కువ చెప్పానని గ్యాంగు అనుకోవాలి. ఇద్దరూ సమానంగా అనుమానిస్తే ఆ వారం నా కొలత సరిగ్గా ఉన్నట్టు.

ఎక్కడ తవ్వాలో చెప్పడం మాత్రం నా పని కాదు. దానికి ఆ చుట్టుపక్కల ఒక ఇల్లుంది.

గొర్రెలు కాసే ఆ ఇంట్లో నీళ్ళు చూసే గుణం తాతల నుంచి వస్తున్నదని చెప్పేవారు. తండ్రి నుంచి పెద్దకొడుక్కు మాత్రమే వస్తుంది. ఆ గుణమున్నవాడు తెల్లవారకముందే కళ్ళకు గుడ్డ కట్టుకుని ఉత్తకాళ్ళతో పొలంలో నడుస్తాడు. నీళ్ళున్న చోట అరికాలు జిల్లుమంటుందట. మూడో తరంలో కవలలు పుట్టడంతో చిక్కు వచ్చింది. ఇద్దరికీ చెన్నయ్య పేరే పెట్టారు. ఒకడు పెద చెన్నయ్య, ఒకడు చిన చెన్నయ్య. మా వైపు కవలల్లో వెనక పుట్టినవాడే పెద్దవాడు. ముందు కడుపులో పడినవాడు లోపలికి పోయి కూర్చుంటాడు కాబట్టి కడపట బయటికి వస్తాడని లెక్క. అలా పెద చెన్నయ్య, తమ్ముడి కంటే కాసేపు ఆలస్యంగా పుట్టి అన్న అయ్యాడు.

అయినా ఊళ్ళవాళ్ళ అనుమానం తీరలేదు. కందిగింజ విరిగితే రెండు బద్దలవుతుంది, గుణం కూడా అట్లే చెరిసగం అయిందన్నారు. వాళ్ళ నాయన తెలివైనవాడు. ఇద్దరి కళ్ళకూ గంతలు కట్టి, పొలానికి ఒకణ్ణి తూర్పు గట్టున, ఇంకొకణ్ణి పడమటి గట్టున నిలబెట్టి నడిపించాడు. ఇద్దరి భుజాలూ తాకిన చోట తవ్వమన్నాడు. ఎన్ని మట్లలో నీళ్ళో పెద చెన్నయ్య చెప్పేవాడు. నేను కొలిచిన బావుల్లోనే పది పన్నెండు వాళ్ళు చూపినవి. ఎక్కువ వాటిల్లో నీళ్ళు పడ్డాయి. వాళ్ళు చూడని బావుల్లో కూడా దాదాపు అంతే పడ్డాయని నాకు తెలుసు. కానీ ఆ మాట నన్నెవరూ అడగలేదు.

నాయన పోయాక ఇల్లు చీలింది. చిన చెన్నయ్య భార్యది నెల్లూరు జిల్లా కింద ఉన్న దర్శి వైపు. "మా దిక్కున ముందు భూమ్మీద పడినోడే పెద్దోడు. ఈ లెక్కేంది తలకిందుల లెక్క?" అన్నదామె. పెద్దకొడుకు వాటా కింద వచ్చే గొర్రె దగ్గర మొదలై, తాతల నాటి చేతికర్ర దాకా వెళ్ళింది తగువు. కర్ర అన్న దగ్గర ఉండిపోయింది. తమ్ముడు మంద విడగొట్టుకుని ఊరి అవతల కొట్టం వేసుకున్నాడు. రెండేళ్ళు మాటల్లేవు. కలిసి నడవడమూ లేదు.

అదే సమయంలో పిచ్చమ్మకు బావి అవసరం వచ్చింది.

పిచ్చమ్మ భర్త పోయిన మనిషి. పిల్లలు లేరు. నాలుగెకరాల మెట్ట, ఒక జత ఎడ్లు. ఆనుకుని ఉన్న పొలం మరిది రోశయ్యది. "వదినా, ఆడమనిషివి, యాడ చేస్తావు సేద్యం? నాకిడిచిపెట్టు, ఏడాదికింత గింజలు కొలుస్తా" అని రెండేళ్ళుగా అడుగుతున్నాడు. వరసగా రెండు పంటలు ఎండాయి. మూడోది కూడా ఎండితే పెద్దమనుషులు పొలం రోశయ్య చేతికిస్తారు. ఆమె వాళ్ళ ఇంట్లో ఒక మూల, ఒక పూట అన్నం అవుతుంది. నీళ్ళు పడితే ఎకరం తడిసినా చాలు, ఎవరి గడపా తొక్కనక్కరలేదు. ఇదీ ఆమె లెక్క. అందులో తప్పేమీ లేదు.

ఆమె పెద చెన్నయ్యను పిలిపించింది. ఒక్కడే వచ్చాడు. గంతలు కట్టుకుని చాలాసేపు తిరిగాడు, ఒక చోట ఆగాడు, దగ్గాడు. చుట్టలు తాగి తాగి వాడికి ఎప్పుడూ దగ్గే. "ఈడ. ఎనిమిది మట్లు" అన్నాడు. ఎడ్లు అమ్ముడుపోయాయి. హనుమన్న గ్యాంగు దిగింది.

ఒక మట్టు ఎర్రమట్టి. రెండు మట్లు గులకరాళ్ళ గరుసు. తరువాత పలకరాయి. ఆ రాయి మా వైపు ఎందరికో అన్నం పెట్టింది, బావుల్లో మాత్రం శత్రువు. పొరలు పొరలుగా లేస్తుంది, పలుగు మొన వంగుతుంది. రోజూ కొలిమి వెలిగించాలి, దానికే తుమ్మచెట్టు పోయింది. వ్యాసం పన్నెండడుగులు పెట్టుకున్నాం. ఐదో మట్టులో హనుమన్న వేలు పోయింది. ఆరో మట్టులో తేమ కూడా లేదు. ఏడో మట్టు పూర్తయ్యేసరికి ఎడ్లు అమ్మిన డబ్బు అయిపోయింది. నేను తాడు వదిలి కొలిచాను. ముప్పై ఎనిమిదిన్నర అడుగులు. తాడు కొసన కట్టిన గుండు రాయి మీద తగిలిన చప్పుడు పొడిగా పైకి వినిపించింది.

హనుమన్న చేతి కట్టు చూసుకుంటూ అన్నాడు. "అక్కా, ఇంకొక మట్టంటే పదిహేను దినాల పని. నాగ్గాదు, పిల్లోళ్ళకు కూలి పడాల గదా. ఏం జెయ్యమంటావు?"

పిచ్చమ్మ నా వైపు చూసింది. "లెక్కలన్నా, నీవేమంటావు?"

"లోతు చెప్పగలనమ్మా. నీళ్ళు చెప్పలేను."

"అయితే చిన చెన్నయ్యను అడిగి రా. వాడు గూడా ఔనంటే కమ్మలు తాకట్టు పెడతా. కాదంటే ఈడికి సాలు."

నాకు ఆ పని ఇష్టం లేదు. అయినా వెళ్ళాను. చిన చెన్నయ్య కొట్టం దగ్గర కూర్చుని ఒక గొర్రె కాలిలో ముల్లు తీస్తున్నాడు. చేతికి రాగి కడియం. కర్ర పట్టుకుని నడిచినప్పుడల్లా అది కర్రకు తగిలి టంగుమంటుంది.

"రా మామా. మా యన్న బాయి ఎండిపోయిందంట గదా" అన్నాడు తలెత్తకుండా.

"ఇంకా ఎండలేదు. ఏడు అయింది. ఎనిమిదన్నాడు. పిచ్చమ్మ నిన్నడగమంది."

వాడు గొర్రెను వదిలేశాడు. "మామా, ఒక మాట చెప్తా, మా ఇంటిదానికి గూడా చెప్పలేదు. నాకేం లేదు. అరికాలు జిల్లుమనేది గిల్లుమనేది ఎప్పుడూ లేదు. గంతలు కట్టినాక మా యన్న దగ్గు యాడ్నించి వస్తే ఆ దిక్కుకు పోయినా. అంతే. చిన్నప్పుడు నాయన తిడతాడని పోయినా, పెద్దయినాక అలవాటయ్యింది. గుణమంతా వానిదే. వాడు ఎనిమిదంటే ఎనిమిదే. తవ్వమను."

"మరి ఈ తగువంతా ఎందుకురా?"

"గుణమున్నోనితో కొట్లాడొచ్చు గానీ, నాకేం లేదని చెప్పుకుంటారా మామా ఎవరైనా?"

తిరిగి వస్తూ పెద చెన్నయ్య ఇంటి ముందు నుంచి రావాలి. అరుగు మీద ఉన్నాడు. నా కోసమే కాచుకున్నట్టున్నాడు. "యాడికి పోయినావో తెలుసు" అన్నాడు. "ఏమన్నాడు వాడు?"

"తవ్వమన్నాడు. నీవు చెప్పిందే నిజమన్నాడు."

ఆ మాటకు సంతోషిస్తాడనుకున్నాను. వాడి ముఖం నల్లబడింది. దగ్గు ఆపుకుని, లోపల భార్య వింటుందేమోనని అరుగు దిగి వచ్చాడు. "ఆపించు మామా. నీకు దండం పెడతా. నేనేం చూడలేదు. ఎప్పుడూ చూడలేదు. వాని కడియం చప్పుడు యాడుంటే ఆడికి నడిచినా. వానికి తెలుసనుకున్నా. ఈసారి వాడు లేడు, చప్పుడు లేదు. తిరిగీ తిరిగీ సిగ్గేసి ఒకచోట నిలబడినా."

"ఎనిమిది మట్లని ఎట్ల చెప్పినావు?"

"మా నాయన ఎప్పుడూ ఎనిమిదనేవాడు."

వాళ్ళు చూపిన బావుల్లో కొన్నింట్లో ఐదో మట్టులో నీళ్ళు పడ్డాయి, కొన్నింట్లో తొమ్మిదో మట్టులో. ఎనిమిదిలో పడినప్పుడు మాత్రమే జనం గుర్తుంచుకున్నారు. దారిలో ఒక రాయి మీద చాలాసేపు కూర్చున్నాను. ఒకడి మాట నమ్మితే తవ్వాలి, ఒకడి మాట నమ్మితే ఆపాలి. ఎవడికి వాడు తన గురించి చెప్పిన మాట నమ్మితే గుణం ఇద్దరిలో ఎవరికీ లేదు. ఇద్దరూ రెండు గట్ల నుంచి ఒకరి చప్పుడు కోసం ఒకరు నడిచారు. ఆ మధ్యలో జనం బావులు తవ్వుకున్నారు.

పిచ్చమ్మకు రెండు మాటలూ చెప్పేశాను. కమ్మలు ఆమెవి, దాచే హక్కు నాకు లేదు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వు.

"మా పుట్టింటి బాయి వాళ్ళు చూపిందే అన్నా. ఈ పొద్దుకూ తోడుకుంటాండారు. ఇద్దరికీ లేకపోతే ఆ నీళ్ళు యాడివి?" అంది. కాసేపటికి, "చెవుల్లో దూది పెట్టి నడిపిద్దాం. అప్పుడు గూడా కలిస్తే కమ్మలు పోయినా పరవాలేదు" అంది.

ఇద్దరూ రారనుకున్నాను. వచ్చారు. మరునాడు తెల్లవారేసరికి ఊరు సగం పొలం గట్టు మీద ఉంది. దీపం వత్తులకు దాచుకున్న దూదిని పిచ్చమ్మే ఇద్దరి చెవుల్లోనూ కుక్కింది. కళ్ళకు గంతలు హనుమన్న కట్టాడు. ఒకణ్ణి తూర్పున, ఒకణ్ణి పడమట నిలబెట్టి, వీపు తట్టి వదిలాం. బావి చుట్టూ నలుగురు మనుషులను కాపలా పెట్టాను.

పెద చెన్నయ్య నాలుగడుగులు వేసి ఆగాడు. దగ్గాడు. మళ్ళీ నడిచాడు, పక్కకు తిరిగాడు, పొలం దాటి బండ్లబాట ఎక్కాడు. చిన చెన్నయ్య కర్రతో కడియం కొడుతూ, అది తనకే వినపడక మళ్ళీ మళ్ళీ కొడుతూ, నేరుగా రోశయ్య కంచెలోకి పోయి కంపలో చిక్కుకున్నాడు.

"ఇంక వీళ్ళు కలిసేది తిరునాళ్ళలోనే!" అన్నాడు రోశయ్య. గట్టు మీద నవ్వులు లేచాయి. ఒక ముసలామె మాత్రం, "పాపం, ఆపండిరా" అంది.

గంతలు విప్పాం. ఇద్దరూ చూసింది బావి వైపు కాదు. అన్న తమ్ముడి కోసం చూశాడు, తమ్ముడు అన్న కోసం. కంపలో నుంచి బయటికి వచ్చి, మోకాళ్ళ మీద నెత్తురు తుడుచుకుంటూ, చిన చెన్నయ్య అన్నాడు. "నేను నీ దగ్గు పట్టుకొని వస్తి గదన్నా ఇన్నాళ్ళు!"

"నేను నీ కడియం పట్టుకొని వస్తి గదరా" అన్నాడు అన్న.

ఇద్దరూ బండ్లబాట మీద కూలబడి చాలాసేపు మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. తరువాత పిచ్చమ్మ దగ్గరికి కలిసే వచ్చారు. "అక్కా, కమ్మలు తాకట్టు పెట్టొద్దు. ఎనిమిదో మట్టు మేమే దిగి తవ్వుతాం. కూలొద్దు. నోటితో అన్నాం గాబట్టి అది మా బాకీ" అన్నాడు పెద్దవాడు.

"ఇద్దరూ కలిసి రావాల. ఒక్కడొస్తే దిగనియ్యను" అంది పిచ్చమ్మ. రెండేళ్ళు మాట్లాడుకోని వాళ్ళను చూసి పెట్టిన షరతు అది. అంతకు మించి ఆమె మనసులో అప్పుడేమీ లేదు.

సోమవారం దిగుదామనుకున్నారు. ఆదివారం మధ్యాహ్నం వాన పట్టుకుంది. చేను నీళ్ళన్నీ బావిలోకే దూకాయి. గరుసు పొర ఒకవైపు జారి పడింది. బావిలో రెండు మట్ల బురదనీళ్ళు నిలిచాయి. ఊరిలో కొందరు నీళ్ళు పడ్డాయనే అన్నారు. హనుమన్న పలుగులు బండిలో వేసుకుని గిద్దలూరు వైపు వేరే పనికి పోయాడు. మళ్ళీ ఎండాకాలానికి తోడి, పూడిక తీసి, అప్పుడు తవ్వాలి. ఆ ఏడు పంట కూడా సరిగా రాలేదు, పొలం రోశయ్య చేతికి పోయింది. బావి ఉన్న సెంటు నేల మాత్రం పిచ్చమ్మ ఇవ్వనంది. అదొక్కటీ ఆమె పేరున మిగిలింది.

చలికాలంలో పెద చెన్నయ్య చలిజ్వరంతో పోయాడు.

కవలల్లో ఒకరు పోతే మా వైపు ఒక ఆచారముంది. శవాన్ని ఎత్తకముందు, పోయినవాని కాలి బొటనవేలికీ బతికినవాని కాలి బొటనవేలికీ ఒకే నూలుపోగు కట్టి, నడిమికి తెంపుతారు. తెంపకపోతే పోయినవాడు రెండోవాణ్ణి పిలుచుకుంటాడని భయం. చిన చెన్నయ్య తెంపనివ్వలేదు. అన్న వేలి నుంచి ముడి విప్పి, పోగంతా తన కడియానికి చుట్టుకున్నాడు. వాడి భార్య, తగువు పెట్టిన ఆ దర్శి మనిషే, కాళ్ళ మీద పడి ఏడ్చినా వినలేదు.

ఎండలు ముదిరాక వాడు పలుగుతో పిచ్చమ్మ దగ్గరికి వచ్చాడు. పూడిక ఎంతో కొలవడానికి నన్ను పిలిపించారు కనుక నేను అక్కడే ఉన్నాను.

"ఎవురెవరొచ్చినారు?" అంది పిచ్చమ్మ.

"ఇద్దరం." కడియం చూపించాడు. పోగు అప్పటికే మాసిపోయి ఉంది.

ఆమె దాన్ని చాలాసేపు చూసింది. "నా కంటికి ఒక్కడే కనపడుతుండాడు నాయనా. ఇద్దరొస్తేనే అంటి గదా. పో, గొర్రెలు ఎండలో ఉండాయి."

వాడు పలుగు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. నాకు కోపం వచ్చింది. ఊరికే తవ్వుతానంటుంటే, నీళ్ళు పడితే పొలం మళ్ళీ అడగవచ్చు కదా అన్నాను. పిచ్చమ్మ గుంజకు ఆనుకుని కూర్చుంది. ఆ ఏడాదిలో మనిషి సగమైంది.

"నీళ్ళుంటే నాకొస్తాయి, సరే. లేకపోతేనో? వాళ్ళన్న మాట ఉత్తదని తేలిపోతుంది. వానికి అదొక్కటే మిగిలింది గదన్నా. నాది ఎట్లాగూ పోయింది. వానిది గూడా ఎందుకు తీసేది?"

అప్పటి నుంచి ఏటా ఎండాకాలం చిన చెన్నయ్య వస్తాడు, ఆమె అడుగుతుంది, వాడు ఇద్దరమంటాడు, ఆమె పొమ్మంటుంది. వాడి తల నెరిసింది. నీళ్ళు చూడమని తర్లుపాడు నుంచీ త్రిపురాంతకం నుంచీ ఇంకా పిలుస్తూనే ఉన్నారు. దూది సంగతి అందరికీ తెలుసు, అయినా పిలుస్తారు. వాడు ఒక్కడే గంతలు కట్టుకుని నడుస్తాడు. ఎక్కడ ఆగాలో ఎట్లా తెలుస్తుందిరా అంటే, దగ్గు వినపడుతుంది మామా అంటాడు. కొన్నింట్లో పడుతున్నాయి, కొన్నింట్లో లేదు.

ఇన్నేళ్ళ పనిలో నాకు అర్థమైంది కొంచెమే. నా తాడు ఎంత తవ్వామో చెబుతుంది. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పదు. మొదటి పలుగు వేయడానికి ఎవరో ఒకరు వచ్చి "ఈడ" అనాలి. ఆ ఒక్క మాట అనగలిగేవాడు దొరక్క ఎండిపోయిన పొలాలు కూడా నేను చూశాను. వాటికి బావి లేదు కనుక కొలత లేదు.

ఈ బావికి కొలత ఉంది. ఎనిమిది అన్నాడు, ఏడు తవ్వాం. మిగిలింది ఒక మట్టు: వ్యాసం పన్నెండడుగులు, లోతు ఐదున్నర, అంతా పలకరాయి. ఇరవైమూడు క్యూబిక్ గజాలు. ఈ రోజుకీ బాకీ.